మార్చి వచ్చాక చెరువు బోసిపోయింది: పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

బీరంగూడ_బాట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకు అమీన్‌పూర్ చెరువుకు వెళ్తున్నాను. జనవరిలో బాతులు గుంపులుగా కనిపించేవి. ఇప్పుడు మార్చి రెండో వారం, నామాలకోళ్లు తప్ప నీళ్ల మీద పెద్దగా ఏమీ లేవు. వసంతంలోనే పిట్టలు బాగా కనిపిస్తాయని అందరూ అంటారు, నాకు మాత్రం రివర్సులో ఉంది. నా దగ్గర 8x42 బైనాక్యులర్, ఫోను ఉన్నాయి, కెమెరా లేదు. సందేహాలు ఇవి:

1. ఇప్పుడు ఎటు వెళ్లాలి? ఏ టైముకు?
2. పూల మీద వాలే బుల్లిపిట్టల్లో ఒకటి నిగనిగలాడే నల్లది. ఇంకొకటి పొట్ట పసుపు, గొంతు నుంచి కిందికి నల్ల గీత. ఇవి రెండు జాతులా?
3. సీతాకోకచిలుకను ఫొటో తీద్దామని దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుంది, లేదా ఫొటో మసకగా వస్తుంది.
4. ఒక్క పూటలో రెండింటినీ చూడటం కుదురుతుందా?

చెరువుగట్టు

కుదురుతుందండీ. మన దక్కన్‌లో వసంతం చెరువు మీద కనిపించదు, చెట్టు మీద కనిపిస్తుంది. ఫిబ్రవరి సగం దాటాక బాతులు ఉత్తరానికి బయల్దేరతాయి, మార్చి చివరికి చాలా వరకు వెళ్లిపోతాయి. గార్గనీ బాతులు మాత్రం కొన్ని ఏప్రిల్ దాకా ఉంటాయి. కాబట్టి చెరువు ఖాళీ కావడంలో మీ తప్పేమీ లేదు. తప్పల్లా టైముదే. 9 గంటలకు పిట్టల సందడి సగం అయిపోతుంది. సూర్యోదయానికి అక్కడ ఉండాలి, తర్వాతి రెండు గంటలే అసలు సమయం.

పూసిన చెట్టును ఒకదాన్ని ఎంచుకొని దాని దగ్గరే ఉండండి, తిరగకండి. బూరుగు ఇప్పుడు చివరి దశలో ఉంటుంది, మోదుగ మంచి ఊపులో ఉంటుంది. రెండూ ఆకు రాల్చి పూస్తాయి కాబట్టి పిట్టకు దాక్కోవడానికి చోటుండదు, కొత్తవాళ్లకు ఇంతకన్నా సులువైన చెట్లు లేవు. చెట్టుకు తూర్పున 15–20 మీటర్ల దూరంలో, ఎండ వీపుకు తగిలేలా నిలబడండి. ఎదురెండలో నిలబడితే గోరింకా నల్లగానే ఉంటుంది, పసుపుపచ్చటి వంగపండు పిట్టా నల్లగానే ఉంటుంది. అరగంట కదలకుండా ఉంటే గోరింకలు, పిగిలిపిట్టలు, పసుల పోలిగాళ్లు, తేనెపిట్టలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల, రెక్కలతో గుంపుగా దిగేవి రోజీ స్టార్లింగ్‌లు. ఇవి ఇక్కడ గూడు పెట్టవు, ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి. కాబట్టి చూడాలంటే ఇప్పుడే. గుంపులో లేత గోధుమరంగు, పసుపు ముక్కు ఉన్నవి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అవి వాటి పిల్లలే.

మీ రెండో ప్రశ్నలోవి రెండూ ఒకే జాతి కావచ్చు. పర్పుల్ సన్‌బర్డ్ అనే తేనెపిట్టలో మగది గూళ్ల కాలంలో ఒళ్లంతా ఊదా-నలుపు. ఆ కాలం కానప్పుడు ఆడదానిలా పసుపు పొట్ట, నడుమ నల్ల గీత. వసంతంలో ఈక మార్చుకుంటున్నవి, మార్చుకున్నవి పక్కపక్కనే ఉంటాయి, సగం సగం మచ్చలతో ఉన్నవీ ఉంటాయి. గీత అసలు లేకుండా గొంతు నుంచి పొట్ట దాకా పసుపైతే అది ఆడది. గొంతు బూడిద-తెలుపు, రొమ్ము పసుపు అయితే ఇంకో జాతి, పర్పుల్-రంప్డ్ ఆడది. దాని మగది ఏడాదంతా ఒకే వేషంలో ఉంటుంది: మెరూన్ వీపు, మెరూన్ పట్టీ, పసుపు పొట్ట. అందుకే ముందు గొంతు చూడండి, రంగు తర్వాత.

చెరువును పూర్తిగా వదలొద్దు. నీళ్లు తగ్గి బురద బయటపడ్డ అంచులో ఎల్లో వాగ్‌టెయిల్‌లు తిరుగుతుంటాయి. శీతాకాలమంతా వెలిసిపోయినట్టుండే ఈ పిట్టలు మార్చి–ఏప్రిల్‌లో వెళ్లబోయే ముందు పెళ్లి రంగులు వేసుకుంటాయి. తల నల్లగానో బూడిదగానో స్పష్టంగా తేలేది ఇప్పుడే. పశువుల వెంట తిరిగే తెల్లకొంగల తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి, గుడ్డికొంగ వీపు మెరూన్ అవుతుంది. ఈ రంగు మార్పుల వల్లే కొత్త జాతి దొరికిందని చాలామంది పొరబడతారు.

తిరిగి వచ్చేటప్పుడు కరెంటు తీగల మీద పాలపిట్ట కనిపిస్తే కాసేపు ఆగండి. ఈ నెలల్లో మగది నిట్టనిలువుగా పైకి లేచి, కర్ణకఠోరంగా అరుస్తూ దొర్లుకుంటూ కిందికి వస్తుంది. కూర్చున్నప్పుడు మట్టి రంగులో ఉండే పిట్ట రెక్కల్లో ఎంత నీలం దాచుకుందో అప్పుడు తెలుస్తుంది.

ఆదొండ_తీగ

సీతాకోకచిలుకల సంగతి నేను చెప్తాను. ముందు ఒక మాట: మన ప్రాంతంలో వాటికి అసలు పండుగ వానల తర్వాత, ఆగస్టు నుంచి నవంబరు దాకా. మార్చిలో సంఖ్య తక్కువ. కాకపోతే చెట్లకు ఆకు లేదు, గడ్డి ఎండింది కాబట్టి అవి కొన్ని చోట్లకే చేరతాయి. ఆ చోట్లు తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది.

మొదటిది తడి. వాగులన్నీ ఎండాక పశువుల తొట్టి పక్కన, కారే బోరు పైపు కింద తడిమట్టి మీద గుంపుగా వాలతాయి. అలా వాలేవి ఎక్కువగా మగవి, మట్టిలోని సోడియం లాంటి లవణాల కోసం. రెండోది ముళ్లపొదలు. ఆదొండ, దాని బంధువుల మీద పయొనీర్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. రెక్క కొసన నారింజ రంగున్న చిన్న తెల్లవి కూడా ఆ పొదల చుట్టూనే తిరుగుతాయి. ఎండిన గుట్ట వాలు చూసి వెనక్కి తిరగకండి, వాటి అడ్డా అదే. మూడోది లేతాకు. కానుగ పాత ఆకు రాల్చి మెరిసే లేతాకు వేసేది మార్చి–ఏప్రిల్‌లోనే. కామన్ సెరులియన్, కామన్ బ్యాండెడ్ ఆల్ అనే సీతాకోకచిలుకల పురుగులు దాని మీద పెరుగుతాయి. రేల లేతాకు వేసినప్పుడు ఎమిగ్రెంట్‌లు, రేగు దగ్గర కామన్ పియరో. గుడ్లు పెట్టే ఆడది ఆకు నుంచి ఆకుకు తట్టుకుంటూ ఎగురుతుంది. ఆ ఎగురుడు గుర్తుపడితే మొక్క పేరు తెలియకపోయినా మొక్కను అదే చూపిస్తుంది.

టైము: సీతాకోకచిలుక ఎండలో కాగి ఛాతీ కండరాలు వేడెక్కితేగానీ సరిగ్గా ఎగరలేదు. కాబట్టి పిట్టల పని ముగించి 8 గంటలకు ఇటు రండి. 8 నుంచి 9 మధ్య రెక్కలు విప్పి ఎండ కాగుతుంటాయి, ఫొటోకు అదే అదను. 11 దాటాక ఎండ ముదిరితే నీడలోకి వెళ్తాయి. ఒక్క పూటలో రెండూ కుదురుతాయి, వరస తప్పకూడదంతే.

ఫొటో మసకబారడానికి ప్రధాన కారణం ఫోను మాక్రో మోడ్. చాలా ఫోన్లలో అది అల్ట్రా వైడ్ లెన్స్‌తో పనిచేస్తుంది, మూడు నాలుగు సెంటీమీటర్ల దాకా వెళ్తేగానీ సీతాకోకచిలుక పెద్దగా పడదు. ఈలోగా అది ఎగిరిపోతుంది. మాక్రో ఆపేసి 2x లేదా 3x పెట్టి రెండు మీటర్ల నుంచి ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత అడుగు అడుగుగా, వంగి, మీ నీడ దాని మీద పడకుండా వెళ్లండి. నీడ పడిందంటే పోయినట్టే. ఫోను రెక్కకు సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా పట్టుకుంటే ఒక రెక్క స్పష్టంగా, ఇంకొకటి మసకగా వస్తుంది. రెక్క పైవైపు, అడుగువైపు రెండూ తీయండి. ఒక్క వైపు ఫొటోతో పేరు అడిగితే చాలాసార్లు చెప్పలేం.

ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలపు పాన్సీలు, ఈవెనింగ్ బ్రౌన్ వానాకాలం వాటిలా ఉండవు. పుస్తకంలో రెక్క అడుగున కళ్లలాంటి చుక్కలు ఉంటాయి, మీ ఫొటోలో ఎండుటాకు మాత్రమే ఉంటుంది. రెండూ ఒకే జాతి. గొంగళిపురుగు, ప్యూపా దశల్లో అందిన వేడి, తేమ, పగటి పొడవులను బట్టి ఈ రూపం మారుతుంది. ఎండుటాకుల్లో కదలకుండా కూర్చున్నప్పుడు కళ్లచుక్కలు ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి అవి మాయమవుతాయి.

వేషాలు మార్చేవి కూడా ఉన్నాయి. జిల్లేడు చుట్టూ తిరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. అచ్చం అలాగే ఉండి, వెనక రెక్క పైఅంచున ఒక్క చుక్కే ఉంటే అది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది, గంగపాయల కూర మీద పెరిగేది. నల్ల రెక్కల మీద ఎర్ర మచ్చలుంటే ఒళ్లు చూడండి. ఒళ్లు ఎరుపైతే ఈశ్వరి తీగ తిని విషం నింపుకున్న రోజ్ జాతి. ఒళ్లు నలుపైతే కామన్ మార్మన్ ఆడది, ఆ విషం పేరు చెప్పుకొని బతికేది.

బీరంగూడ_బాట

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు. మా వీధిలో పొద్దున్నుంచీ టుక్ టుక్ టుక్ అని కొట్టే పిట్ట ఎంత వెతికినా కనిపించదు. కూత విని పిట్ట పేరు చెప్పే యాప్ ఒక చోట షిక్రా డేగ అని చూపించింది, అక్కడ డేగ లేదు. కరివేపాకు మీద పిట్ట రెట్టలాంటి పురుగులున్నాయి, తీసేయాలా?

పొదలమాటు

టుక్ టుక్ కంసాలిపిట్టది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్ర మచ్చ, పిచ్చుక కన్నా కాస్త పెద్దది. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే చప్పుడు వచ్చిన చోటల్లా వెతికితే ఉండదు. చప్పుడు వెంట పోకండి. పొద్దున ఎండ తగిలే ఎండుకొమ్మ కొసలు ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి, ఎక్కువగా అక్కడే కూర్చుంటుంది. రావి, జువ్వి చెట్లు పండ్లు వేస్తే వాటి మీద ఇదీ, కోకిలా, పచ్చపావురాలూ కలిసే దొరుకుతాయి. కోకిలలో కుహూ అనేది నల్లటి మగది. కిక్-కిక్-కిక్ అని కంగారుగా అరిచేది తెల్ల చుక్కల గోధుమరంగు ఆడది. కొత్తవాళ్లు ఈ రెండో కూతను వేరే పిట్ట ఖాతాలో రాస్తుంటారు.

యాప్ తప్పని అనలేం. పసుల పోలిగాడు షిక్రా కూతను అనుకరిస్తాడు. మెర్లిన్ లాంటి యాప్‌లు చెవికి సాయం, సాక్ష్యం కాదు. అది పేరు చెప్పాక ఆ పిట్టను కంటితో చూస్తేనే లెక్కలో రాయండి.

మీ 8x42 గురించి ఎవరూ అడగలేదు. కుడి కంటి దగ్గరి డయాప్టర్ (ఆ ఒక్క కంటికి ఫోకస్ సరిచేసే రింగు) సరిచేశారా? ఎడమ కంటితో మాత్రమే చూస్తూ దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలకు నడిమి చక్రంతో ఫోకస్ చేయండి. చక్రం కదపకుండా, కుడి కంటితో మాత్రమే చూస్తూ డయాప్టర్ తిప్పండి. ఒకసారి చాలు. ఇది చేయకపోతే గంటకే తలనొప్పి వస్తుంది, లోపం బైనాక్యులర్‌లో ఉందనుకుంటాం. అలాగే అది ఎంత దగ్గర దాకా ఫోకస్ అవుతుందో కొలిచి చూడండి. రెండు మీటర్ల లోపైతే సీతాకోకచిలుకలకూ అదే సరిపోతుంది. నాలుగైదు మీటర్లైతే వాటికి ఫోనే నయం.

ఆదొండ_తీగ

కరివేపాకు పురుగుల్ని దయచేసి తీయకండి. అవి లైమ్ సీతాకోకచిలుకవో కామన్ మార్మన్‌వో అయ్యుంటాయి. మొదటి నాలుగు దశల్లో రెట్టలా, అయిదో దశలో ఆకుపచ్చగా ఉంటాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతాయి, కుట్టవు. గుడ్డు నుంచి సీతాకోకచిలుక దాకా సుమారు నాలుగు వారాలు. మొక్క చిన్నదైతే రెండు పురుగులే మొత్తం ఆకు ఊడ్చేస్తాయి. అప్పుడు ఆకుతో సహా కత్తిరించి పెద్ద కరివేపాకు మీదికో నిమ్మ మీదికో మార్చండి. వేరే మొక్కల మీద పెడితే తినవు. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్క మీద పురుగులు నల్లబడి చనిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది కొట్టిన మందును. కొత్త చిగురు వచ్చేదాకా ఆగాలి.

చెరువుగట్టు

ఒక్కటి కలుపుతాను. ఇది గూళ్ల కాలం. ఫోన్లో కూత పెట్టి పిట్టను పిలవడం చలికాలంలోనే మంచిది కాదు, ఇప్పుడైతే గూడు వదిలి పోట్లాటకు వస్తుంది, ఈలోగా కాకి గుడ్లు ఎత్తుకుపోతుంది. తీతువు గులకరాళ్ల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది. నెత్తి మీద చుట్టూ తిరుగుతూ అరుస్తోందంటే మీరు గుడ్ల దగ్గరే ఉన్నట్టు. కాళ్ల కిందికి చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి, గుడ్లను ఫొటో తీయడానికి ఆగకండి.

వచ్చే ఆదివారం 6 గంటలకు మోదుగ దగ్గర మొదలుపెట్టండి, 8కి తడిమట్టి దగ్గరికి. బయల్దేరిన టైము, ఎన్ని నిమిషాలు, ఏది ఎన్ని అని రాసుకోండి. మోదుగ రాలాక వేప పూతకు మారండి. కుదిరితే ఏప్రిల్ మొదట్లో ఒకరోజు వికారాబాద్ అనంతగిరికి వెళ్లండి, అక్కడ నీడ ఎక్కువ, ఉదయం ఇంకో గంట కలిసొస్తుంది.