చనిపోయిన మనిషి తీసిన ఫొటోలు ఇంట్లోవాళ్ళవా, ఊరివా?

పర్లాకిమిడి_చిన్నోడు:
నాన్నగారు పోయి ఏడాది దాటింది. టీచరు ఉద్యోగం, ఆదివారమొస్తే కెమెరా. నౌపడ–గుణుపురం చిన్నరైలు 2004లో ఆగిపోయేదాకా తీసిన నెగటివ్‌లు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి, తర్వాతవి హార్డ్‌డిస్కులోనూ గూగుల్‌లోనూ. అన్నీ వికీమీడియా కామన్స్‌లో (ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఫొటోలుండే వెబ్‌సైట్) పెట్టేద్దామంటే అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?

కాశీనగరం_మావయ్య:
పెట్టేయ్ బాబూ. 2018లో తిత్లీ తుపానుకి మా ఇంటి రేకులు లేచిపోయి, మా నాన్న నెగటివ్‌లన్నీ తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గూగుల్‌ది ఇంకా కష్టం, రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే అకౌంటు తీసేస్తారు.

బరంపురం_ప్లీడరు:
తొందరపడకండి. ఫొటో హక్కు తీసిన మనిషి బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు. వీలునామా లేకపోతే అది మీ అమ్మగారికీ పిల్లలందరికీ వస్తుంది, మీరొక్కరే ఇచ్చేయడానికి లేదు. పైగా కామన్స్‌లో పెట్టడమంటే వ్యాపారానికి వాడుకోమని కూడా ఒప్పుకున్నట్టే, తర్వాత వెనక్కి తీసుకోలేరు. మా మేనమామ తీసిన గోపాల్‌పూర్ బీచ్ ఫొటో ఒక కొట్టువాళ్ళు క్యాలెండర్ మీద వేసుకున్నారు, ఆయన పేరు లేదు, ఒక్క మాట చెప్పలేదు. అది చూసి ఆయన ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు.

కాశీనగరం_మావయ్య:
పేరు వెయ్యాలన్న షరతు పెట్టుకోవచ్చండీ.

బరంపురం_ప్లీడరు:
షరతు ఉంటే ఎవడు పాటిస్తున్నాడు?

జయపురం_అమ్మాయి:
స్కాన్ చేయించడం వేరు, ఆన్‌లైన్‌లో పెట్టడం వేరు. ముందు స్కాన్ చేయించండి.

బరంపురం_ప్లీడరు:
స్కానింగ్ వద్దని నేనెక్కడన్నాను? సంతకాలు కావాలన్నాను.

కాశీనగరం_మావయ్య:
మీ సంతకాలు పోగయ్యేలోగా వానాకాలం వస్తుంది, బూజు పడుతుంది! మీలాంటి వాళ్ళ వల్లే మన ఊళ్ళ ఫొటోలు పెట్టెల్లోనే పాడైపోతున్నాయి. ఆ బండెక్కి బడికెళ్ళినవాళ్ళం మేము. బ్రాడ్‌గేజ్ వచ్చాక పుట్టిన పిల్లలకి అది ఎలా ఉండేదో ఎవరు చూపిస్తారు? ఇంట్లోవాళ్ళు దాచుకుని ఏం చేస్తారండీ?

పర్లాకిమిడి_పెద్దోడు:
వాడి అన్నని. చట్టం సంగతి నాకు తెలీదు, బూజు సంగతి నాకు తెలుసు, ఆ పెట్టెలు నా గదిలోనే ఉన్నాయి. ఆదివారాలన్నీ ఆయన పట్టాల పక్కనే గడిపారు. అమ్మకి జ్వరమొస్తే రిక్షాలో తీసుకెళ్ళింది నేను. అన్ని రోల్స్‌లో కలిపి అమ్మ ఫొటో ఎక్కడో ఒక్కటి, అదీ స్టేషన్లో, రైలు కోసం తీస్తే పక్కన పడింది. ఇప్పుడు ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటే నేను చదవలేను. నాకు అంతే.

పర్లాకిమిడి_చిన్నోడు:
అన్నయ్యా, ఇది నాకెప్పుడూ చెప్పలేదే. నన్ను మాత్రం తనతో తీసుకెళ్ళేవారు.

కాశీనగరం_మావయ్య:
పెద్దబాబూ, మీ కష్టం కాదనను. కానీ ఆ కోపం రైలు మీద చూపించకండి.

బరంపురం_ప్లీడరు:
అమ్మగారిని ఎవరైనా అడిగారా?

పర్లాకిమిడి_చిన్నోడు:
లేదండి. రేపు అడుగుతాను. స్కాన్‌కి ఇచ్చే ముందు అమ్మ ఫొటో ఉన్న ఆ రోల్ ఏదో చెప్పు అన్నయ్యా.