సమస్య: సగము కోయగానె సాగె పనులు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

సగము కోయగానె సాగె పనులు

ఇది నాకు ఆఫీసులో దొరికిన పాదం. మా ఆఫీసు మడికొండ వైపు. ఒకే హోస్టు, అంటే ఒకే అసలు సర్వరు మీద 12 వీఎంలు (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్లు), ఒక్కోదానికి 8 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు). కాగితం మీద 96, పెట్టెలో ఉన్నవి 32. సోమవారం పొద్దున వచ్చి చూస్తే అన్నిటికీ 8 కాస్తా 4 అయింది, 16 జీబీ మెమరీ 8 అయింది. ఒక్క మాట చెప్పలేదు, లబోదిబోమన్నాం. తీరా మధ్యాహ్నానికి 40 నిమిషాల బిల్డు (కోడ్‌ను ప్రోగ్రాముగా కట్టే పని) 25కే అయిపోయింది! లినక్స్‌లో టాప్ కమాండు కొడితే సీపీయూ వరుస చివర ఎస్‌టీ అని ఒక అంకె ఉంటుంది. మన వీఎం పనికి సిద్ధంగా ఉన్నా కోరు దొరక్క కాచుకున్న సమయం అది. 30 శాతం దగ్గర ఆడేది 2కి దిగింది. ఇక ఈ గుంపులో ఒకరినొకరం ఊళ్ల పేర్లతోనే పిలుచుకుందాం, అసలు పేర్లు వద్దు.

హనుమకొండ పంతులుగారు: ముందుగా సమస్యనే దిద్దాలి నాయనా. 'సాగెను' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట కనుక 'సాగెఁ బనులు' అని ఉండాలి. గణాలు సరిపోయాయి, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన యతి కూడా సరిపోయింది.

నిర్వాహకుడు: నిజమే పంతులుగారూ. పూరించేవాళ్లు ఎట్లా రాసినా ఒప్పుకుందాం.

కాజీపేట:

కోరు లెనిమిదుండి కూర్చుండె వరుసలో
నాల్గు చాలునన్న నడక వచ్చె
సర్వరందు మాకు సందు దొరికెనయ్య
సగము కోయగానె సాగె పనులు

మా జంక్షన్ చూసినవాళ్లకు వేరే చెప్పాలా? పొడుగు బండి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగే ఉంటది, పొట్టి బండి ఏదో ఒక ప్లాట్‌ఫారంలో దూరిపోతది.

పంతులుగారు: 'కోరు'కు 'కూర్చుండె' యతి చక్కగా కుదిరింది. 'సందు దొరికె' పలుకుబడి. ఇంగ్లిషు మాట ఉన్నా పద్యం తెలుగులోనే నడిచింది.

పర్కాల: పద్యం బాగుంది గానీ విషయంలో మెలిక ఉందన్నా. ఎనిమిదీ ఒకేసారి ఖాళీ అయితేనే కదలాలనే పట్టు వీఎంలు నడిపే పాత వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌ది, ఈఎస్ఎక్స్ 2 నాటిది. తర్వాత దాన్ని సడలించారు. లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎంలో అయితే ఒక్కో వర్చువల్ కోరు (వీఎంకు కనిపించే కోరు) మామూలు లినక్స్ థ్రెడ్డే, అంటే విడిగా నడిచే ఒక పనే, దేని దారి దానిది. అక్కడ ఇబ్బంది వేరే. ఒకసారి ఒక్కరే వాడాల్సిన డేటాకు తాళం (లాక్) ఉంటుంది. ఆ తాళం పట్టుకున్న కోరును హోస్టు పక్కన కూర్చోబెడితే, మిగతావి ఆ తాళం కోసం ఊరికే గిరగిరా తిరుగుతుంటాయి. వరుసలో కూర్చోవడం కాదు, గుడి చుట్టూ ప్రదక్షిణాలు.

కాజీపేట: ప్రదక్షిణాలు గణాల్లో పట్టవు తమ్మీ. ఉండనీ.

నిర్వాహకుడు: మాది కేవీఎమ్మే. పర్కాల మాట సరైనదే, అయినా ఈ పద్యం తీసేయను.

ములుగు: నాకు ఈ మెషీన్లు తెలియవు. మా నాయన చెప్పిన చెరువు సంగతి రాస్తున్నా.

చెరువు సగమె నిండె చేలన్ని తడుపక
నీరటయ్య కొన్ని నిలిపినాడు
దారి జూపె మాకు తైబంది కాగితం
సగము కోయగానె సాగె పనులు

పంతులుగారు: ఇదీ పూరణ! యాసంగికి చెరువులో ఉన్న నీళ్లెన్ని, ఎంత ఆయకట్టుకు వదలాలి అని ముందే కట్టుకునే లెక్క తైబందీ. లెక్క లేకుండా అన్ని పొలాలకూ పారిస్తే తూము కింది మడులు తడుస్తాయి, చివరి మడులు ఎండుతాయి. 'దారి'కి 'తైబంది' యతి. ఐకారం అకారంతో చెల్లుతుంది. 'కాగితం' వ్యావహారికం, 'కాగితము' అంటే గణం చెడుతుంది కాబట్టి సరే.

పర్కాల: మా హోస్టుకు కూడా నీళ్లు పంచే నీరటి ఒకడు కావాలి. 96 మడులకు 32 తూములు.

నిర్వాహకుడు: నాకు ఇదే అన్నిటికంటే నచ్చింది. వీఎం అన్న మాటే లేదు, కానీ సోమవారం మాకు జరిగింది అచ్చం ఇదే.

జనగామ: పాలకుర్తి సోమన ఊరి పక్కవాణ్ణి, ద్విపదలో పూరిస్తే ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు: పాదం ఆటవెలదిది కదా సార్. ఇంకో వారం ద్విపద ఇస్తాను.

పర్కాల: మొదటిసారి రాస్తున్నా, తిట్టొద్దు.

బుడగ నూది హోస్టు పుచ్చుకొనె మెమరి
జావ హీపు జూచి భయపడితిని
ఆరు జేసినాను హాయిగ పన్నెండు
సగము కోయగానె సాగె పనులు

వీఎం లోపల బెలూన్ డ్రైవరు ఉబ్బుతుంది, ఉబ్బినంత మెమరీ హోస్టుకు పోతుంది. జావ ప్రోగ్రాము వాడుకోవడానికి కేటాయించే మెమరీయే హీపు. 16 జీబీ ఉన్నప్పుడు దానికి 12 ఇచ్చుకున్నాం. 8కి కోశాక కూడా సెటింగులో ఆ 12 అట్లనే ఉంది. మొత్తం స్వాప్‌లో (మెమరీ చాలక డిస్కును వాడుకునే చోట) పడి కొట్టుకుంది, రాత్రికి లినక్స్ ఆ జావ ప్రాసెస్‌నే చంపేసింది. 6కి దించితే నిలబడింది.

పంతులుగారు: గణాలు అన్నీ సరే. రెండో పాదంలో 'జా'కు 'భ' యతి కాదు. 'జడిసినాడ' అను. మూడో పాదంలో 'ఆ'కు 'హా' చెల్లుతుంది, భయం లేదు.

పర్కాల: 'జావ హీపు జూచి జడిసినాడ'. ఇదే బాగుంది, నిజంగానే జడిశాను. ధన్యవాదాలు పంతులుగారూ.

కాజీపేట: కోత అంటే కోర్ల కోతేనా? మాకు ఆ రోజు జరిగిన ఇంకో కోత:

ఒంటిగంట దాక ఒక్కటే మీటింగు
కోత మాట దప్ప కూత లేదు
చాయికంటు లేచె సారు సగములోన
సగము కోయగానె సాగె పనులు

ములుగు: దీనికి మొదటి బహుమతి ఇచ్చేయండి.

పంతులుగారు: 'కోత మాట', 'కూత లేదు' జోడీ బాగుంది. 'సగము' పక్కపక్క పాదాల్లో రెండుసార్లు వచ్చింది, అది ఒక్కటే కాస్త వెలితి.

మడికొండ: ఆ సారును నేనే. ఈ గుంపులో ఏడాదిగా ఉన్నాను. నేను లేచింది చాయికి కాదు, ఫోన్ వస్తే. యతి కోసం నన్ను చాయికి పంపారు.