నాలుగు చెలకల ద్రాక్ష, ఒకే బరోలో: మస్కరెల్లో కుటుంబం అలా ఎందుకు చేస్తుంది?

ప్రశ్న — టురినోవాసి

నేను ఉత్తర ఇటలీలోని టురినోలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడికి దక్షిణాన లాంగే కొండల్లో బరోలో అనే చిన్న ఊరు ఉంది. ఆ ప్రాంతంలో నెబ్బియోలో ద్రాక్షతో తయారయ్యే ఎర్ర వైనుకూ అదే పేరు. ఆ ఊళ్లో బర్తొలో మస్కరెల్లో పేరుతో నడుస్తున్న వైనరీ గురించి నా సహోద్యోగులు ఎంతో గౌరవంగా మాట్లాడతారు. వారికున్న భూమి సుమారు 5 హెక్టార్లు, అంటే మన లెక్కన పన్నెండు ఎకరాల చిల్లర. అందులో కన్నుబి, సాన్ లొరెంజో, రువే చెలకలు బరోలో ఊరివి; రొక్కే దెల్లనున్‌జియాతా పక్కనున్న లా మొర్రాది. కన్నుబి పేరు ఒక్కటి సీసా మీద ఉంటే చాలు, ధర ఎక్కడికో వెళ్తుందని అందరూ అంటారు. అయినా ఆ కుటుంబం నాలుగు చెలకల పంటనూ కలిపి ఒకే బరోలో చేస్తుంది. ఎక్కువ ఆదాయం వచ్చే దారి కళ్లెదుటే ఉండగా దాన్ని ఎందుకు కాదంటున్నారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు — అల్బా నుంచి

మీరు అడిగిన పద్ధతి వారు కొత్తగా కనిపెట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో జూలియో మస్కరెల్లో సొంతంగా వైను చేయడం మొదలుపెట్టినప్పుడు ఈ కొండల్లో అందరూ చేసేది అదే. కన్నుబి పేరు, 1752 అన్న అంకె వేసిన పాత సీసా ఒకటి నేటికీ ఉంది కాబట్టి చెలకల ఖ్యాతి అప్పటికే తెలియనిదేమీ కాదు. కానీ ఒక చెలకను విడిగా సీసాకెత్తడం విరివిగా జరగడం 1960ల తర్వాతి మాట; చెలకల హద్దులు అధికారికంగా ఖరారైంది 2010లో.

కలపడానికి బలమైన కారణం ఉంది. నెబ్బియోలో తొందరగా చిగురిస్తుంది, చాలా ఆలస్యంగా పండుతుంది. కోత అక్టోబరు దాకా సాగుతుంది. ఇంత పొడవైన కాలంలో ఒక వాలు మీద వడగళ్లు పడవచ్చు, ఇంకొక వాలు మీద ఎండ ఎక్కువై కాయ ముందే పండవచ్చు. కన్నుబి మట్టిలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి అక్కడి వైనుకు పరిమళం, సౌమ్యత వస్తాయి. మరో చెలక నుంచి పులుపు, ఇంకొక దాని నుంచి వగరు, నిలవ ఉండే బలం దొరుకుతాయి. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. కన్నుబిని విడదీస్తే మిగిలిన వైను ఆ మేరకు పలచబడుతుంది. జూలియో కుమారుడు బర్తొలో జీవితాంతం నిలబడిన మాట ఇదే. ఆయన 2005లో కన్నుమూశాక వైనరీని నడుపుతున్న కుమార్తె మరియా తెరెసా కూడా దాన్ని మార్చలేదు.

తయారీలోనూ అదే పట్టుదల కనిపిస్తుంది. ద్రాక్ష కాంక్రీటు తొట్లలో తొక్కలతో కలిసి నెల రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం నానుతూ పులుస్తుంది. తరువాత వైను పాత, పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. బరోలో నియమం ప్రకారం కోత ఏడాది నవంబరు 1 నుంచి 38 నెలలు, అందులో 18 నెలలు కర్ర పీపాలో, మాగనిదే అమ్మకూడదు. అంటే 2020 పంట బజారుకు రావడానికి 2024 జనవరి దాకా ఆగాలి. ఆ మూడేళ్లూ పెట్టుబడి నేలమాళిగలోనే ఉంటుంది. చిన్న కుటుంబానికి అది తేలికైన భారం కాదు.

జవాబు — రంగారెడ్డి జిల్లా రైతుబిడ్డ

హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పండించిన కుటుంబం మాది, అందుకే దిగుబడి గురించి ఒక మాట చెప్పాలనిపించింది. బరోలోలో హెక్టారుకు 8 టన్నులు మించకూడదని నియమం, అంటే ఎకరానికి మూడు టన్నుల పైచిలుకు. మా పందిరి తోటల్లో ఆ దిగుబడి వస్తే పంట పోయిందనే అనుకునేవాళ్లం. కానీ మేము పండించినది తినే పండు: పెద్ద కాయ, పలచని తొక్క, నిండా రసం. వైను ద్రాక్షలో రంగు, వగరు తొక్కలోనే ఉంటాయి కాబట్టి చిన్న కాయలే మేలు. శీతాకాలపు కత్తిరింపులో తీగకు ఒక్క కొమ్మ, దాని మీద ఎనిమిదో పదో కళ్లు మాత్రమే ఉంచుతారు. వేసవిలో పచ్చి గుత్తులను కూడా కొన్ని కోసి నేల మీద పడేస్తారు. కాపు మీదున్న గుత్తిని కోసి పారేయడానికి రైతుకు ఎంత గుండె కావాలో తోటలో పనిచేసినవారికే తెలుస్తుంది.

జవాబు — లా మొర్రా అభిమాని

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే పాత పద్ధతి ఒక్కటే న్యాయమైనదన్న అభిప్రాయం కలగకూడదు. 1970లలో ఇక్కడి చిన్న రైతుల వైనుకు సరైన ధర లేదు. చాలామంది పొలాలు వదిలి మీరున్న టురినోకే, కార్ల కర్మాగారాల పనికి వెళ్లారు. పాత పీపాలు శుభ్రంగా లేక పాడైన వైను కూడా తక్కువేమీ కాదు. ఆ పరిస్థితిలో ఎలియో అల్తారే వంటి యువకులు ఫ్రాన్సులోని వైను ప్రాంతమైన బుర్గుండీ వెళ్లి చూసి వచ్చి, నానబెట్టే కాలం తగ్గించి, బారిక్ అనే 225 లీటర్ల చిన్న, కొత్త పీపాలు తెచ్చారు. అల్తారే 1983లో తండ్రి పీపాలను రంపంతో కోసేశాడు. తండ్రి ఆయనకు ఆస్తి దక్కకుండా చేశాడు. బర్తొలో మరో వైపు నిలబడి, చక్రాల కుర్చీలో కూర్చునే లేబుళ్లు గీస్తూ ఒకదాని మీద "బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని రాశారు; బెర్లుస్కోనీ అంటే ఇటలీ ప్రధానిగా పనిచేసిన రాజకీయ నాయకుడు. ఆయన అభిప్రాయం నాకు ప్రియమైనదే, కానీ అవతలివారు లేకపోతే ఈ కొండల్లో ఎన్నో కుటుంబాలు వ్యవసాయమే మానుకునేవి.

ప్రశ్న — టురినోవాసి

అందరికీ కృతజ్ఞతలు. ఒక సీసా కొని దాచుకోవాలనుకుంటున్నాను. ఎన్నేళ్లు ఉంచాలి, ఏ భోజనంతో తీసుకోవాలి?

జవాబు — అల్బా నుంచి

మంచి సంవత్సరపు పంట అయితే కోత నుంచి పదేళ్ల వరకు ముట్టకండి. ఇరవై, ముప్పై ఏళ్లు నిలిచినవీ ఉన్నాయి. చీకటిగా, చల్లగా ఉన్నచోట పడుకోబెట్టి ఉంచండి. తీయదలచిన ముందురోజు నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. కారం ఈ వైను వగరును మరీ పదును చేస్తుంది కాబట్టి గుంటూరు మిరపతో చేసిన వేపుళ్ల పక్కన పెట్టకండి. మిరియాలు మాత్రమే వేసి, కొవ్వున్న వేటమాంసాన్ని సన్నని మంట మీద మెత్తగా ఉడికిస్తే చక్కగా సరిపోతుంది.