నడుము నొప్పికి డిప్రెషన్ మాత్ర: అమ్మను ఎలా ఒప్పించాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. ఏళ్ల తరబడి శనక్కాయ చేలల్లో వంగి పనిచేసిన మా అమ్మకు నడుము నొప్పి రెండేళ్లుగా తగ్గడం లేదు. స్కానింగ్‌లో డిస్క్ కొంచెం అరిగిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదట. ఈమధ్య నిద్ర లేదు, పెళ్లిళ్లకూ రాదు, ఊరికే ఏడుస్తుంది. నాన్నేమో "అన్నీ ఆలోచనలే" అంటాడు. ఆ మాటకే ఆమె ఇంకా కుంగిపోతోంది.

ఎముకల డాక్టర్ డులోక్సెటిన్ రాశారు. మందుల షాపతను "ఇది డిప్రెషన్ మాత్ర కదా" అన్నాడు, అంతే. "నాకేం పిచ్చా? నా నొప్పి అబద్ధమా?" అని అమ్మ మాత్ర ముట్టడం లేదు.

నేను చదివినంతలో ఈ మందు పెంచే నరాల రసాయనాలు సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ మనసు మీదే కాదు, వెన్నుపాములో నొప్పి సంకేతాలను తగ్గించడంలోనూ పనిచేస్తాయి. అందుకే ఒకే మందు రెండింటికీ ఇస్తారు. నొప్పితో నిద్ర పట్టదు, నిద్ర లేక నొప్పి పెరుగుతుంది. ఇదంతా అమ్మకు మన మాటల్లో ఎలా చెప్పాలి?

ఈ మందు వాడినవాళ్లున్నారా? మొదట్లో వికారం ఉంటుందట, ఎన్నాళ్లకు తగ్గింది? అమ్మకు బీపీ కూడా ఉంది, ఆ సంగతి డాక్టర్‌ను మళ్లీ అడుగుతాను. అనంతపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించినవాళ్లు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు ఫోన్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాన్నకు నచ్చజెప్పే ఉపాయం తెలిస్తే అది ముందు చెప్పండి.