అప్‌డేట్: కుక్కతో తిప్ప మీద టెంట్ అన్నాను కదా, చివరికి గండికోట వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, శివరాత్రి సెలవులకు ఇద్దరు పిల్లల్నీ మా రాజుగాడినీ (కుక్క, మూడేళ్లది, నాటుదే) తీసుకుని ఏదైనా రిజర్వాయర్ మధ్య తిప్ప మీద టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండొచ్చా అని. ఆ ప్లాన్ పోయింది. పడవాయన మమ్మల్ని ఎక్కించుకుంటాను గానీ కుక్క వద్దన్నాడు, పైగా రాత్రి ఏమన్నా అయితే తెల్లారేదాకా పడవ రాదని ఆయనే చెప్పాడు, దాంతో మా ఆవిడ అడ్డం తిరిగింది. ఆమెదే కరెక్టు.

సరే అని కడప నుంచి కారులో గండికోట పోయాం. దీవి కాదు గానీ కింద లోయలో పెన్నా నీళ్లు కనపడుతుంటే పిల్లలకు అదే చాలు. రాజుగాడికి పొట్టి తాడే కట్టండి అని మీలో ఒకరన్నారు చూడండి, వాళ్లకో దండం. అంచున చాలాచోట్ల అడ్డమేమీ లేదు, కోతిని చూసి వాడు ఒక్క గుంజు గుంజితే నా అరచెయ్యి కమిలిపోయింది.

బండ మీద టెంటు మేకులు దిగవు, నాలుగు మూలలా రాళ్లకు కట్టాం. మధ్యాహ్నం ఎండకు కాలిన ఆ ఎర్రరాయి మీద నా చెయ్యే ఆగలేదు, ఇక వాడి పాదాలేం ఆగుతాయి, పొద్దు వాలేదాకా చెట్టు నీడనే. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు గానీ లోయ పక్కన గాలికి పోలేదు, రాజుగాడు పిల్లల మధ్య దూరి దుప్పటంతా లాక్కున్నాడు.

ఇంటికొచ్చాక వాడి చెవుల వెనక మూడు గోమార్లు తీశాం, మీరూ చూసుకోండి.