రెండు నిమిషాల ఉరుకుడు ఎక్సర్‌సైజు కింద లెక్కనా, కాదా?

వడ్డేపల్లి బావ:
నాకు 46. పొద్దుగాల ఐదింటికి లేచి వరంగల్ల భద్రకాళి చెరువు బండ్ మీద ఉరికే ఓపిక లేదు. అందుకే ఆర్నెల్ల సంది ఓ పని చేస్తున్న. పాల ప్యాకెట్‌కు పోయేటప్పుడు ఉరుకుత, వచ్చేటప్పుడు నడుస్త. ఆఫీసుల మూడంతస్తులు రెండేసి మెట్లెక్కుత. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోటి రెండు నిమిషాల లోపే. మా బామ్మర్దేమో "గది ఉరుకుడు కాదు బావా, బస్సు తప్పిపోయినోని తిప్పలు" అని నవ్వుతుండు. మీరేమంటరు?

ఖాకీ కల:
ఏమనుకోకన్నా, బామ్మర్ది చెప్పిందే కరెక్టు. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌ల మగోళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. హన్మకొండ జేఎన్ స్టేడియంల నాలుగు రౌండ్లు. మొదటి రెండిట్ల అందరు పులులే. మూడో రౌండ్ల ఎగపోస్తది, నోరెండుకపోతది, డొక్కల పట్టేస్తది. అప్పుడు తెలుస్తది ఎవని దమ్మెంతనో. రెండు నిమిషాలకే ఆగెటోనికి ఆ మూడో రౌండు ఎన్నడన్న వస్తదా?

సుబేదారి అక్క:
తమ్మీ, ఆయన పోలీసుల చేరుతనన్నడా? ఒకటే మొత్తం పది నిమిషాలన్న చేస్తేనే లెక్క అన్న షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లనే తీసేసింది. 2022ల నేచర్ మెడిసిన్‌ల ఒక స్టడీ వచ్చింది. బ్రిటన్‌ల ఎక్సర్‌సైజు జోలికే పోని 25 వేల మంది చేతులకు కదలికలు కొలిచే మిషన్లు కట్టి చూసిండ్రు. రోజుకు మూడుసార్లు, నిమిషమో రెండు నిమిషాలో దమ్మొచ్చేటట్టు కదిలినోళ్లల్ల చావు ముప్పు దాదాపు 40 శాతం తక్కువుందట.

లెక్కల సారు:
స్టడీ మంచిదే. కానీ ఉరికినందుకు బాగున్నరా, బాగున్నరు కాబట్టి ఉరికిండ్రా? మోకాళ్లు పోయినోడు మెట్లు ఉరికెక్కడు గదా.

సుబేదారి అక్క:
ఒప్పుకుంట సార్. అది పక్కా రుజువు కాదు. అయినా ఏం చేయనోడు ఇంతన్న చేస్తే నష్టమేంది? ఒక్క మాట బావగారూ, లేచి లేవంగనే ఉరకకుర్రి. ముందుగాల జర నడువుర్రి, లేకుంటే పిక్క పట్టేస్తది.

వడ్డేపల్లి బావ:
పట్టేసిందక్కా, మొదటి వారంలనే! హవాయి చెప్పులతోని ఉరికిన. పట్టీ తెగి పాల ప్యాకెట్ రోడ్డు పాలు.
తమ్మీ, నీ లెక్కనే తీసుకుందాం. 7 నిమిషాల 15 సెకన్లను నాలుగుతోని భాగిస్తే రౌండుకు 109 సెకన్లు. రెండు నిమిషాల లోపే గదా! ఆదివారం స్టేడియంకు వస్త. ఒక రౌండు నాది, మిగిలిన మూడు నువ్వు చూసుకో.