బ్యామ్‌లను క్రామ్‌గా మార్చాక ఫాస్ట్‌క్యూలను తొలగించవచ్చా?

ప్రశ్న

మా ప్రయోగశాలలో నాలుగేళ్లుగా పోగైన డీఎన్ఏ సీక్వెన్సింగ్ రీడ్లు (యంత్రం చదివిన చిన్న ముక్కల అక్షరాలు, అంటే బేసులు) జీజిప్ చేసిన ఫాస్ట్‌క్యూ ఫైళ్లుగా సర్వర్‌లో ఉన్నాయి. ఒక్కో అక్షరం ఎంత నమ్మదగినదో చెప్పే క్వాలిటీ స్కోర్లు కూడా ఈ ముడి ఫైళ్లలోనే ఉంటాయి. వాటినే అలైన్ చేసిన (రిఫరెన్స్ జీనోమ్‌లో వాటి చోట్లకు అమర్చిన) బ్యామ్ ఫైళ్లు కూడా పక్కనే ఉండటంతో డిస్కు నిండిపోయే స్థితికి వచ్చింది. బ్యామ్‌లను ఇంకా తక్కువ చోటు పట్టే క్రామ్ రూపంలోకి మార్చి, ఫాస్ట్‌క్యూలను తొలగిస్తే ఏమైనా పోగొట్టుకుంటామా? ఏ ఫైలు ఏ నమూనాదో ఇప్పటివరకు పేరును బట్టే గుర్తిస్తున్నాము. దీనికి తగిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే సూచించగలరు.

మొదటి సమాధానం

మీ ప్రశ్నకు జవాబు క్రామ్‌లో కాదు, మీ బ్యామ్‌లో ఉంది. అలైన్ కాని రీడ్లను వడకట్టేసినా, డూప్లికేట్లను (ఒకే ముక్కకు వచ్చిన నకళ్లను) గుర్తు పెట్టి వదిలేయకుండా తీసేసినా, అడాప్టర్లను (సీక్వెన్సింగ్ కోసం ముక్కల చివర అతికించే కృత్రిమ డీఎన్ఏను) ముందే కత్తిరించినా, ఆ బ్యామ్ నుంచి అసలు ఫాస్ట్‌క్యూ ఎన్నటికీ తిరిగి రాదు. క్వాలిటీ స్కోర్లను రీకాలిబ్రేట్ చేసి (సవరించి), పాతవాటిని విడిగా దాచకపోయినా అంతే.

ఇక క్రామ్ సంగతి. రిఫరెన్స్ జీనోమ్‌తో పోల్చి తేడాలను మాత్రమే రాసుకోవడం వల్లే అది అంత చిన్నదవుతుంది కాబట్టి, ఆ రిఫరెన్స్ దొరకని రోజున ఫైలు ఉన్నా చదవలేరు. ఫైలు మొదట ఉండే హెడర్‌లో ఒక్కో క్రోమోజోముకు ఎండీ5 విలువ (అక్షరాల నుంచి లెక్కకట్టిన, వేలిముద్ర వంటి గుర్తు) ఉంటుంది. అదే పేరుతో మరో రూపాంతరాన్ని ఇస్తే ఆ విలువ సరిపోదు. అందుచేత వాడిన రిఫరెన్స్‌ను కూడా డేటాతో పాటే భద్రపరచండి.

రెండో సమాధానం

పై మాటకు ఒక చేర్పు. ఈ ఫైళ్లతో పనిచేసే సామ్‌టూల్స్ సాఫ్ట్‌వేర్‌లోని క్విక్‌చెక్ ఆదేశం సరేనన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. అది హెడర్‌నూ ఫైలు చివరి గుర్తునూ చూస్తుందే తప్ప నడుమ చెడిన భాగాన్ని పట్టుకోదు. క్రామ్ నుంచి ఫాస్ట్‌క్యూను మళ్లీ తీసి పోల్చవలసిందే. అయితే జీజిప్ ఫైళ్ల ఎండీ5లు కలవవు, కలవాలని ఆశించనూ కూడదు: రీడ్ల వరుస మారి ఉంటుంది, పేరు తర్వాత ఖాళీ వదిలి రాసిన ఇండెక్స్ భాగం సాధారణంగా మిగలదు. ఒక్కో రీడుకు పేరు, బేసులు, క్వాలిటీ అనే మూడింటినీ ఒకే పంక్తిలో రాసి, సార్ట్ చేసి, అప్పుడు పోల్చండి.

మూడో సమాధానం

ఫైళ్ల నిర్వహణకు ఐరాడ్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఒక్కో ఫైలుకు వివరాలను జతచేసి వాటితోనే వెతకవచ్చు. కానీ దాన్ని నడపడానికి ఒక మనిషి కావాలి, మీ స్థాయికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక పట్టిక చాలుననిపిస్తోంది. ఏది వాడినా నమూనా, లైబ్రరీ (దాని నుంచి సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏ), లేన్ (యంత్రంలో దాన్ని చదివిన భాగం) వివరాలను ఫైలు హెడర్‌లోని రీడ్ గ్రూప్ పంక్తిలో కూడా రాయండి. నేను పనిచేసిన ఒక చోట నమూనాల జాబితాలో రెండు పేర్లు తారుమారైతే సర్వర్‌లోని ఫైళ్ల పేర్లు మాత్రం సరిదిద్దారు, బ్యాకప్‌లో పాత పేర్లే మిగిలాయి. ఏది నిజమో తేల్చడానికి జన్యురూపాలను పోల్చవలసి వచ్చింది.

ప్రశ్నించినవారు

ఒక నమూనాపై పరీక్షించాను. ఫాస్ట్‌క్యూలో ఉన్నన్ని రీడ్లు బ్యామ్‌లో లేవు. మా పైప్‌లైన్ అలైన్ కానివాటిని వదిలేస్తోందని ఇప్పుడే తెలిసింది. కనుక తొలగించేది పాత బ్యామ్‌లనే. ఏ రీడునూ వదలకుండా ఫాస్ట్‌క్యూలను మళ్లీ అలైన్ చేసి, క్రామ్‌గా మార్చి, మీరు చెప్పిన పోలిక సరిపోయిన నమూనాలకే ఫాస్ట్‌క్యూ తీసేస్తాము.